నాన్న 2003లోనే పోయారు, పూర్వీకుల పొలంలో కూతురికి వాటా ఉంటుందా?

ఉంటుందండి. 2005 సెప్టెంబరు 9న కూతురికీ సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టం మారే నాటికి తండ్రి బతికుండాలని చాలామంది అంటుంటారు. 2015లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది కూడా. కానీ 2020 ఆగస్టు 11న జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలోని ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. కొడుకులాగే కూతురికీ ఈ హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి ఉన్నారా లేరా అన్నదానితో పని లేదు.

మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లోనే ఈ హక్కు తెచ్చింది, కాకపోతే అప్పటికి పెళ్లయినవాళ్లకు దక్కలేదు. 2005 సవరణ ఆ తేడా తీసేసింది.

అసలు చిక్కు పంపకాల దగ్గర. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం గానీ, కోర్టు తుది డిక్రీ గానీ ఉంటే దాన్ని కదపలేరు. "పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నాం" అని అన్నదమ్ములంటే మాత్రం అది సులువుగా చెల్లదు. ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం చూపాల్సిందే. "పెళ్లిలో పసుపుకుంకుమల కింద ఇచ్చేశాంగా" అన్నంత మాత్రాన కూడా హక్కు పోదు.

ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రం) తీయించండి. హక్కు వదులుకునే కాగితం దేనిమీదా చదవకుండా సంతకం పెట్టకండి. నాన్న స్వార్జితమైతే లెక్క వేరు, దాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు.