చట్టం మార్పించబోతున్న అమ్మాయికి

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

చిన్న దుకాణాలకు చట్టంలో వెసులుబాటు అడగడానికి హైదరాబాదు పోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం సగం, గుబులు సగం. మంత్రి ముందు మాట్లాడటానికి నువ్వు జంకవు. నా బెంగంతా నీ చేతిలోని కాగితం గురించే.

సంతకాలు, నకలు, ఇన్‌వర్డ్ నంబరు గురించి నీకు చెప్పక్కర్లేదు. సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణిలో ఇస్తే రసీదు వస్తుంది గానీ చట్టం మారదు, అదీ నీకు తెలుసు.

మన వ్యాపార సంఘాలు ఎప్పుడూ చేసే తప్పు ఒకటుంది. ఒకే వినతిపత్రంలో పద్నాలుగు కోరికలు రాస్తారు. జీఎస్టీ తగ్గించాలి, ట్రేడ్ లైసెన్సు రుసుము తీసెయ్యాలి, కాటా ముద్రల బాధ తప్పించాలి, లేబర్ ఇన్‌స్పెక్టర్ రాకూడదు, కరెంటు రేటు మారాలి. శాలువా కప్పి, ఫొటో దిగి వస్తారు. ఆ కాగితం మీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఐదు శాఖలకు పంపుతారు. తలా ఒక జవాబు వస్తుంది: మా పరిధిలోది కాదు. అందులో ఎవరి మోసమూ లేదు, నిజంగానే వాళ్ళ పరిధిలోది కాదు.

గల్లాపెట్టె వెనక లక్ష్మీదేవి పటం పక్కన వేలాడే ఫ్రేములన్నీ ఒకసారి కిందికి దించు. ఒక్కోదాని మీద ఏ చట్టం పేరుందో, ఎవరు సంతకం పెట్టారో చదువు. ట్రేడ్ లైసెన్సు మున్సిపాలిటీది. ఆహార లైసెన్సు 2006 నాటి కేంద్ర చట్టం కింద వచ్చింది. కాటా ముద్ర వేసేది రాష్ట్రం మనిషే, చట్టం మాత్రం 2009 నాటి కేంద్రానిది. జీఎస్టీ రేట్ల నిర్ణయం కౌన్సిల్‌లో జరుగుతుంది, అక్కడ కేంద్రం ఓటుకే మూడో వంతు బలం. (వస్తువులమ్మే వాళ్ళ రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రలో 40 లక్షలైతే మన తెలంగాణలో 20 లక్షలే. అది అడగాల్సిందే, కానీ వేరే కాగితం మీద, ఆర్థిక మంత్రిని.) ఇక మిగిలేది లేబర్ లైసెన్సు, అంటే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. అది పూర్తిగా రాష్ట్రం చేతిలోది. దాన్నే పట్టుకో.

'చిన్న వ్యాపారులను ఆదుకోవాలి' అని రాస్తే చదివినవాడు తలూపి పక్కన పెడతాడు. ఏ సెక్షన్, అందులో ఇప్పుడేముంది, బదులుగా ఏ మాట రావాలి అన్నది రాయి. ఉదాహరణకు, సెక్షన్ 3 కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మహారాష్ట్ర 2017లో కొత్త చట్టం తెచ్చి, పదిమంది లోపు పనివాళ్ళున్న దుకాణం సమాచారమిస్తే చాలంది. ఆ చట్టం నకలు జత చెయ్యి. పక్క రాష్ట్రంలో నడుస్తున్నదంటే ఆఫీసరుకు ధైర్యం.

చట్ట సవరణ వేరు, జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వేరు. 2023 ఏప్రిల్‌లో దుకాణాలు 24 గంటలు తెరవొచ్చన్నప్పుడు చట్టం మారలేదు. తెరిచే, మూసే వేళల సంగతి చెప్పే సెక్షన్ 7 నుంచి మినహాయింపునిస్తూ జీవో వచ్చింది, అంతే. సెక్షన్ 73 ఆ అధికారం ఇస్తుంది. జీవో త్వరగా వస్తుంది, ఇంకో జీవోతో అంతే త్వరగా పోతుంది. సవరణ బిల్లుకు శాఖ, న్యాయశాఖ, మంత్రివర్గం, ఉభయ సభలు, గవర్నరు, ఇన్ని గడపలున్నాయి. రెండూ అడుగు, జీవో ముందు. బిల్లు సంగతి అసెంబ్లీ సమావేశాలకు రెండు మూడు నెలల ముందే శాఖలో పడాలి. అంతా అయ్యాక అరిస్తే లాభం లేదు. 2005లో వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను) మీద దేశమంతా షట్టర్లు దించారు, ఏప్రిల్ 1న మన దగ్గర అది రానే వచ్చింది.

లెక్క లేకుండా పోకు. ఇరవై దుకాణాలు తిరుగు. చలానా ఎంత, మీసేవకు ఎన్నిసార్లు తిరిగారు, ఎన్ని పూటలు షట్టరు దించారు, మధ్యవర్తికి ఎంత ఇచ్చారు, అన్నీ రాసుకో. కానీ పేర్లు రాయకు తల్లీ. దుకాణం 1, దుకాణం 2 అని వెయ్యి. మధ్యవర్తికి డబ్బిచ్చానని చెప్పిన ముసలాయన పేరు కాగితంలో కనపడితే, మర్నాడే తనిఖీ వస్తే, ఆయన ముఖం నువ్వు చూడగలవా?

పనివాళ్ళ వారపు సెలవు, జీతం జోలికి మాత్రం పోకు. పోతే యూనియన్లు ఎదురు తిరుగుతాయి, తిరగాలి కూడా. పైగా కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోవి, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చెయ్యొచ్చు. మన సవరణ కేంద్ర చట్టానికి అడ్డం తగిలితే రాష్ట్రపతి ఆమోదం దాకా పోవాలి. నీ కొట్లో సరుకు మోసే కుర్రాడు ఆ కాగితం చదివినా తలెత్తి చూసేలా ఉండాలి.

'పైఖర్చులకు' అని ఎవరడిగినా రూపాయి ఇవ్వకు. సంఘం లెటర్‌హెడ్ మీద ఖాళీ సంతకం పెట్టావో, ఊరుకోను.

చిత్తు ప్రతి నాకు వాట్సాప్‌లో పంపు, చేతిరాతైనా సరే. సెక్షన్ నంబర్లు నేను సరిచూస్తాను. రాత్రి బస్సు వద్దు, పగటి బస్సుకే పో. ఆధార్ కార్డు మరిచిపోకు, మధ్యాహ్నం భోజనం మానకు.

మీ పెదనాన్న