అమెరికాలో ఉండి చిత్తూరు నుంచి పాత ఫియట్ తెప్పించుకోవడం అయ్యే పనేనా?

మీరు న్యూజెర్సీలో ఉంటున్నామన్నారు. సొంతూరు చిత్తూరు, చిన్నప్పుడు ఎక్కి తిరిగిన ఫియట్ లాంటిది ఒకటి కొని అక్కడికి తెప్పించుకోవాలని కోరిక, అమెరికా కస్టమ్స్ వాళ్ళు రానిస్తారో లేదో అని టెన్షన్. నాది తిరుపతి, ఉండేది హ్యూస్టన్. 1968 ఫియట్ 1100 డిలైట్ ఒకటి 2023 వేసవిలో చిత్తూరులోనే కొని, 2024లో ఇక్కడ దించుకున్నాను. అయ్యే పనే. కాకపోతే మీరు భయపడుతున్న చోట పెద్ద కష్టం లేదు. కష్టమంతా మన ఊళ్ళోనే ఉంది, సగం కారు కాగితాల్లో, సగం కారు కింద.

ముందు నేను మోసపోయిన ముచ్చట చెప్తాను, పనికొస్తుంది. 2022లో ఒక బ్రోకరు వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. తళతళలాడే తెల్ల ఫియట్. 'ఒరిజినల్ పెయింట్ సార్, సింగిల్ ఓనర్, రేపు ఇంకొకాయన వస్తాండాడు' అన్నాడు. ఆ ఇంకొకాయన భయానికి యాభై వేలు అడ్వాన్సు పంపేశాను. తర్వాత మా మేనమామ బస్సెక్కి వెళ్ళి చూస్తే చాసిస్ నంబరు రేకు చుట్టూ కొత్త వెల్డింగ్ మరకలు. ఆర్‌సీలో చివరి అంకె 3, రేకు మీద 8. అడిగితే 'పాత బండి కదా సార్, అరిగిపోయింటాది' అన్నాడట. అరిగితే 8 కాస్తా 3 అవుతుందేమో గానీ, 3 అరిగి 8 ఎట్లా అవుతుంది? అడ్వాన్సు గోవిందా.

అందుకే మొదటి మాట: ఫోటోలో పెయింట్ చూసి డబ్బు పంపకండి. కారు కిందికి దూరి చూసే మనిషి మీకు ఊళ్ళో ఉన్నాడా లేడా అన్నదే అసలు సంగతి. ఆ మనిషి లేకపోతే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి. నాకు మామ ఉన్నాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి.

ఇంకో మాట. చెన్నై బండి కంటే చిత్తూరు, పలమనేరు వైపు బండి మేలు. సముద్రపు గాలి తగలని చోట రేకు నిలుస్తుంది. ఫియట్‌కు లారీలాగా విడిగా చట్రం ఉండదు, ఒళ్ళే చట్రం. డోర్ల కింద పొడుగ్గా ఉండే పెట్టె భాగం తుప్పు పట్టిందంటే ఇంజిన్ ఎంత బాగున్నా లాభం లేదు.

మాకు దొరికిన కారు ఒక బెల్లం మండీ వ్యాపారిది. ఆయన పోయాక ఏడేళ్ళుగా గొడ్ల కొట్టం పక్కన రేకుల షెడ్డులో ఉంది. మామ వీడియో కాల్ పెట్టి చూపించాడు. పాత రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి ఒళ్ళంతా పాకించాడు. ఎడమ పక్క ముందు మడ్‌గార్డు మీద ఒక జానెడు మేర అంటుకోలేదు, అక్కడ లప్పం ఉంది. మిగతా అంతా పట్టుకుంది. తర్వాత మ్యాట్లు లేపి, స్క్రూడ్రైవరు పిడితో నేల రేకు మీద అడుగడుగునా కొట్టుకుంటూ పోయాడు. ఠంగుమని మోగితే రేకు, బొదబొదమంటే తుప్పు. డ్రైవరు కాళ్ళ దగ్గర బొదబొద, బ్యాటరీ పెట్టే తట్ట కింద యాసిడ్ కారి చిల్లు. మిగతా అంతా ఠంగే. సైలెన్సరుకు మాత్రం ఎవరో తీగలూ రేకుముక్కలూ చుట్టి అచ్చం పుత్తూరు కట్టు కట్టారు.

మండీ ఆయన పెద్దకొడుకు పక్కనే నిలబడి 'ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదు సార్, కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా' అన్నాడు. మా వైపు అంతకు మించిన గ్యారంటీ లేదు. మామ మాత్రం తల కూడా ఎత్తకుండా 'ప్రమాణం తర్వాత చేద్దువు నాయనా, ముందు ఆ డిప్‌స్టిక్ తియ్యి' అన్నాడు. ఆయిల్ నల్లగా ఉంది గానీ నీళ్ళు కలిసిన తెల్ల మీగడ లేదు. లక్షా అరవై వేలకు ఖాయం చేసుకున్నాం.

అసలు యాతన అప్పుడు మొదలైంది. ఆర్‌సీ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది. పిల్లలు నలుగురు. ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, దానితో ఫారం 31 మీద వారసుల్లో ఒకరి పేరుకు, మిగతా ముగ్గురి ఒప్పుదల సంతకాలతో. ఆ తర్వాత 29, 30 ఫారాల మీద నా పేరుకు. ఇంత పాత బండి రికార్డు పుస్తకాల్లోనే ఉండిపోతే దాన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కించడం ఇంకో పని. నేను ఇక్కడ ఉండి మామకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను. దాన్ని మన కాన్సులేట్‌లో చేయించి పంపడంతో అయిపోదు, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

ముగ్గురు అన్నదమ్ములు సంతకాలు పెట్టారు. ఆడబిడ్డ పెట్టనంది. డబ్బు గురించేమో అనుకున్నాం, కాదు. ఆమె డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ కారులోనేనట, ఒక్కసారి నడిపాకే సంతకం అంది. మామ కార్బొరేటరు కడిగి, కొత్త బ్యాటరీ (మా తిరుపతి పక్క కరకంబాడిలో తయారయ్యే సరుకే) వేసి, ఆమె చేతికి తాళం ఇచ్చాడు. ఆమె కాణిపాకం దాకా నడిపి, కొబ్బరికాయ కొట్టి, అక్కడే బానెట్ మీద కాగితం పెట్టుకుని సంతకం చేసింది. స్టీరింగు పక్కన ఉండే గేరు ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఒక్కసారీ గీరుకోకుండా వేసిందని మామ ఇప్పటికీ చెప్తుంటాడు.

కొనేటప్పుడు సంవత్సరం కూడా చూసుకోండి. 1950కి ముందు తయారైన కార్లను దేశం దాటించాలంటే విడిగా లైసెన్సు కావాలి. మనకు కావలసిన ఫియట్లు, అంబాసిడర్లు ఆ తర్వాతివే కాబట్టి ఆ బాధ లేదు. రెండో వైపు అమెరికాలో బండికి 25 ఏళ్ళు నిండాలి. నిండితే వాళ్ళ భద్రతా ప్రమాణాలతో పని లేదు. కాలుష్యం నిబంధనలకు 21 ఏళ్ళు దాటి, ఇంజిన్ అసలుదే ఉంటే చాలు. అందుకే ఇంజిన్ మార్చిన బండి వద్దంటాను. ఈ ఫియట్‌కే తర్వాత పెట్టిన పేరు పద్మిని, 2000 ప్రాంతంలో ఆగిపోయిన ఆ పద్మినీలు కూడా ఇప్పుడు ఈ లెక్కలో పడతాయి. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి అది కొంటే ఏ సంవత్సరానిదో చూసుకోవాలి.

ఓడ సంగతి. కార్లను నడిపి ఎక్కించే రోరో ఓడలూ ఉంటాయి, కంటెయినరూ ఉంటుంది. కంటెయినరే తీసుకోండి. ఇరవై అడుగుల కంటెయినరు లోపల దాదాపు 5.9 మీటర్లు, ఫియట్ నాలుగు మీటర్లలోపే. మిగిలిన చోట చెన్నైలో పాత బండ్ల సామాను అమ్మే పుదుపేటలో ఏరుకొచ్చిన సామాను పెట్టించాను: ముందు అద్దం, దాని రబ్బరు, రెండు హెడ్‌లైట్ రింగులు, క్లచ్ ప్లేటు, బ్రేకు సిలిండరు కిట్లు. అన్నీ ప్యాకింగ్ లిస్టులో రాయించాలి, దాచిపెడితే ఇక్కడ దొరికిపోతారు. అద్దం మాత్రం మర్చిపోవద్దు, అమెరికాలో దాన్ని ఎక్కడ వెతుకుతారు?

రెండు విషయాలు ఎవరూ చెప్పరు. ఒకటి మట్టి. బండి కింద వేరే దేశపు మట్టి ఉంటే అమెరికాలో ఒప్పుకోరు, కడిగించడమో వెనక్కి పంపడమో చేస్తారు. మన ఎర్రమట్టి మడ్‌గార్డుల లోపల ఇటుకలా గట్టిపడి ఉంటుంది. మామ రెండు రోజులు ఆవిరి పట్టించి గీకించాడు. డిక్కీలో గోనెపట్టాల కింద బెల్లం ముక్కలు, వాటి కోసం కాపురం పెట్టిన గండుచీమలు, వెనక సీటు సందులో గుప్పెడు చింతగింజలు. చింతగింజలు ఎవరో పిల్లకాయలు ఆడుకుని వదిలేసినవి అయ్యుంటాయి. అన్నీ ఊడ్పించి వీడియో తీయించుకున్నాను.

రెండోది కట్టె. కారు కదలకుండా చక్రాల ముందూ వెనకా కొయ్య దిమ్మలు కొడతారు. ఆ కొయ్య వేడి చేసి పురుగు చంపినదని ముద్ర ఉండాలి. మాకు కంటెయినరు సర్దిన వాళ్ళు మామూలు సరుగుడు కట్టెలు కోసి బిగించేశారు. వాళ్ళు పంపిన ఫోటో పెద్దది చేసి చూస్తే ఎక్కడా ముద్ర లేదు. రాత్రికి రాత్రి ఫోన్లు చేసి సీలు వేయకముందే విప్పించి మార్పించాను. అది అట్లాగే వచ్చి ఉంటే సరుకు దింపనిచ్చేవాళ్ళు కాదు. పెట్రోలు దాదాపు ఖాళీ చేయించడం, బ్యాటరీ తీగలు విప్పి టేపు చుట్టించడం వాళ్ళకు తెలుసు, మీరు గుర్తు చేస్తే చాలు. ఐఎస్ఎఫ్ అని, వచ్చే సరుకు గురించి అమెరికా కస్టమ్స్‌కు ముందే ఇచ్చే వివరాలు మాత్రం ఓడలో ఎక్కించడానికి 24 గంటల ముందే అమెరికాలో దాఖలై ఉండాలి. ఆలస్యమైతే 5,000 డాలర్ల దాకా జరిమానా. ఆ బాధ్యత ఏ ఏజెంటుదో ముందే రాతలో పెట్టించుకోండి.

నా కంటెయినరు 2024 జనవరిలో బయల్దేరింది. అప్పటికే ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్నాయి. నెలన్నర అన్నది దాదాపు మూడు నెలలైంది. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఓడ మునిగితేనే ఇచ్చేది కాకుండా దెబ్బలకు కూడా ఇచ్చేది తీసుకోండి.

ఇక మీరు భయపడిన అమెరికా కస్టమ్స్. భద్రతా ప్రమాణాలకు హెచ్ఎస్-7 అని ఒక ఫారం, కాలుష్యం నిబంధనలకు 3520-1 అని ఇంకోటి. ఎక్కడ టిక్కు పెట్టాలో బ్రోకరు చూపించాడు. నేను దించినప్పుడు సుంకం 2.5 శాతం. ఆ తర్వాత సుంకాలు మారుతూ వచ్చాయి కాబట్టి మీరు బయల్దేరే ముందు కనుక్కోండి. నాలుగు రోజుల్లో బండి చేతికొచ్చింది. నంబరు ప్లేటు దగ్గర మాత్రం కాసేపు నవ్వులాట. కౌంటర్లో అమ్మాయి కంప్యూటరు 17 అక్షరాల నంబరు అడుగుతోంది. ఆ పద్ధతి వచ్చింది 1981లో, మన బండి నంబరు చాలా పొట్టిది. పోలీసు వచ్చి చాసిస్ నంబరు చూసి సంతకం పెట్టాక పని అయింది. అందుకే ఇండియాలో ఆర్‌సీ రద్దు చేయించే ముందే దాని సర్టిఫైడ్ కాపీ తీసి ఉంచుకోండి, ఇక్కడ టైటిల్‌కు, అంటే బండి మనదనే కాగితానికి, అదే దిక్కు.

డబ్బు: కారు లక్షా అరవై, రిపేర్లు రెండు లక్షల పైన, ఓడ, లారీలు, బ్రోకర్లు అన్నీ కలిపి మొత్తం పది లక్షలకు కాస్త తక్కువ. అమ్మితే ఇందులో సగం కూడా రాదు. లాభం కోసమైతే వద్దే వద్దు.

ఇంకో దారీ ఉంది. మీరు ఏడాదికో నెల ఊరికి వెళ్ళేవాళ్ళైతే కారును అక్కడే ఉంచుకోవచ్చు. 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వీఏ సిరీస్ అని ప్రత్యేక నంబర్లు తెచ్చారు. ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. కాబట్టి మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే నయమని నా అభిప్రాయం. అమెరికాలో పాత కారు కొని చిత్తూరు తీసుకెళ్ళే ఆలోచన కూడా ఉంటే మానుకోండి, సుంకాలే కారు ధరను మించిపోతాయి.

ఒకటి ఒప్పుకోవాలి. బ్యాటరీని ఛార్జి చేసే పాతకాలం డైనమో తీసి కొత్త రకం ఆల్టర్నేటరు వేయించాను, తిట్టేవాళ్ళు తిట్టండి. పాతది డిక్కీలో భద్రంగా ఉంది. రంగు మాత్రం ముట్టుకోనివ్వలేదు మామ. మండీ గేటుకు రాసుకున్న గీత కూడా అట్లాగే ఉంది.

ఓడ ఎక్కించే ముందు మామ దాన్ని తిరుమల తీసుకెళ్ళాడు. రెండో ఘాట్ రోడ్డులో సగం ఎక్కాక బండి దగ్గి ఆగిపోయింది. పెట్రోలు పంపు వేడెక్కి లోపల ఆవిరి పట్టింది. మామ కంగారు పడలేదు. భుజం మీద తువ్వాలు తడిపి పంపు మీద కప్పాడు, పావుగంట ఆగి సెల్ఫ్ కొట్టాడు, లేచింది. పోయిన ఆగస్టులో హ్యూస్టన్ ఎండకు సిగ్నల్ దగ్గర సరిగ్గా అట్లాగే ఆగింది. నేను బానెట్ ఎత్తి పంపు మీద తడి తువ్వాలు వేస్తుంటే వెనక పికప్ ట్రక్కులో ఆయన దిగి వచ్చి, సాయం కావాలా అని అడగబోయి, అది చూసి నోరు తెరిచి నిలబడిపోయాడు.

ఆ పంపు లోపల ఉండే పొర, డయాఫ్రం, రబ్బరుది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు త్వరగా పాడవుతుంది, ఇక్కడ పది శాతం కలుస్తుంది. పైపులన్నీ మార్పించుకుని, డయాఫ్రం కిట్లు కనీసం నాలుగు తెచ్చుకోండి. నేను రెండే తెచ్చాను, రెండోది మొన్ననే బిగించేశాను. మీ మనిషి పుదుపేటకు వెళ్ళేటప్పుడు చెప్పండి, నాకూ రెండు తీసుకోమంటాను, డబ్బు పంపిస్తా.