బండికి ముందు గోడలోని ప్లగ్గు చూడండి

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారును పోర్టబుల్ చార్జర్‌తో ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గుకు పెడుతున్నాం. ఈమధ్య ప్లగ్గు బాగా వేడెక్కుతోంది. సాకెట్టులో ఒక రంధ్రం చుట్టూ గోధుమ రంగు మచ్చ వచ్చింది. బ్యాటరీలో లోపమా?

జవాబు: లోపం బ్యాటరీది కాదు, సాకెట్టుది. ఈ రాత్రి నుంచే దాన్ని వాడటం మానేయండి. గీజర్ పావుగంట నడిచి ఆగిపోతుంది. కారు దాదాపు అంతే కరెంటును ఎనిమిది, పది గంటలు ఏకధాటిగా లాగుతుంది. సాకెట్టులోని ఇత్తడి రేకు పట్టు వదులైతే పిన్నుకూ రేకుకూ మధ్య నిరోధం పెరుగుతుంది. అది 0.1 ఓం ఉన్నా చాలు, 15 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోటే 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. టంకం పెట్టే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఉండేదే 25 వాట్లు. దాన్ని రాత్రంతా గోడలో వదిలేసినట్టే లెక్క. ఆ వేడికి రేకు ఇంకా సాగుతుంది, సాగిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. మీకు కనిపించిన మచ్చ అలా వచ్చిందే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, సాకెట్టు విప్పించండి. వైరు చివర నల్లబడి ఉంటే రాగి మెరుస్తూ కనిపించేదాకా కత్తిరించాలి. సాకెట్టొక్కటే మార్చి ఊరుకోకండి. మాడిన పిన్ను కొత్త సాకెట్టును కూడా పాడుచేస్తుంది, కాబట్టి చార్జర్ ప్లగ్గూ మారాల్సిందే. డీబీ (ఇంటి కరెంటును పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి కారుకంటూ విడిగా, మధ్యలో జాయింట్లు లేకుండా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి. దానికి కరెంటు మితిమీరితే ఆపేసే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఆర్‌సీసీబీ కనీసం ‘టైప్ ఏ’ రకమై ఉండాలి. ఎలక్ట్రానిక్ చార్జర్ల నుంచి వచ్చే కొన్ని రకాల లీకేజీని మామూలు ‘టైప్ ఏసీ’ పసిగట్టలేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దే వద్దు.

చార్జర్ ‘ఎర్త్ ఫాల్ట్’ (ఎర్తింగ్ సరిగా లేదని) చూపిస్తే న్యూట్రల్‌నే ఎర్త్‌కు కలిపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి ఒప్పుకోకండి. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీకే కరెంటు వస్తుంది. సరైన ఎర్తింగ్ వేయించడం తప్ప దీనికి మరో దారి లేదు.

పని పూర్తయ్యాక కూడా, కారులోగానీ చార్జర్‌లోగానీ కరెంటు తగ్గించే వీలుంటే 10 ఆంపియర్లకు పెట్టుకోండి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 15 నుంచి 10కి దించితే సగానికన్నా తక్కువవుతుంది. 230 వోల్టుల దగ్గర ఎనిమిది గంటల్లో 18 యూనిట్లు కాలుతాయి. నష్టాలు పోను బ్యాటరీలోకి 16 దాకా చేరతాయి. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడిచే కారుకు అది వంద కిలోమీటర్లకు దగ్గర. రోజువారీ తిరుగుడుకు చాలామందికి ఇది సరిపోతుంది.

ప్రశ్న: చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపాలని కొందరు, నూటికి నూరు నింపాలని కొందరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు బ్యాటరీలకు. మీ కారులో ఉన్నది నికెల్ కలిసిన ఎన్‌ఎంసీ రకమా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్‌ఎఫ్‌పీ రకమా అన్నది ముందు తెలుసుకోండి. ఎన్‌ఎంసీ సెల్ నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఒత్తిడిలో, అందులోనూ ఎండలో, లోపలి రసాయనాలు త్వరగా క్షీణిస్తాయి. అందుకే రోజూ 80 చాలు. దూరప్రయాణం ఉన్నప్పుడు నిండుగా నింపండి, అదీ బయల్దేరే వేళకు పూర్తయ్యేలా. నింపి రోజుల తరబడి నిలబెట్టడమే అసలు చేటు.

ఎల్‌ఎఫ్‌పీ తీరు వేరు. సగం ఉన్నా, ముప్పావు ఉన్నా సెల్ వోల్టేజీ 3.3 దగ్గరే దాదాపు కదలకుండా ఉంటుంది. ఎంత మిగిలిందో వోల్టేజీని బట్టి చెప్పడం కష్టం. అందుకని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ లోపలికి వచ్చిన, బయటికి పోయిన కరెంటును లెక్కగడుతుంది. ఆ లెక్కలో చిన్న చిన్న తప్పులు రోజూ పోగవుతాయి. పూర్తిగా నిండినప్పుడే వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది, లెక్క సరిచేసుకునే అవకాశం అప్పుడే. వారానికోసారి నూరు శాతం చేయమనేది ఇందుకే. నెలల తరబడి చేయకపోతే 15 శాతం చూపిస్తున్న మీటరు ఉన్నట్టుండి కిందికి పడిపోవచ్చు.

ప్రశ్న: 120 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్‌లో మా కారుకు 45 కిలోవాట్లే వచ్చాయి. మోసమా?

జవాబు: కాకపోవచ్చు. ఎంత కరెంటు కావాలో అడిగేది కారే, చార్జర్ కాదు. మీ కారు గరిష్ఠ పరిమితి 50 కిలోవాట్లయితే ఏ చార్జర్ పెట్టినా అంతే. అదే చార్జర్‌కున్న పక్క గన్‌కు (కారుకు తగిలించే పెద్ద ప్లగ్గుకు) ఇంకో కారు ఉంటే పవర్ రెండింటికీ పంచుతారు. 80 శాతం దాటాక, అలాగే బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడూ కారే చార్జింగ్ వేగం తగ్గిస్తుంది. చలిలో బలవంతంగా ఎక్కిస్తే లిథియం లోహంగా పేరుకుపోయి సెల్‌ను పాడుచేస్తుంది. 10-20 శాతంతో వెళ్లి 80కి బయటపడండి. చివరి ఇరవై శాతానికి మీరు పెట్టే సమయం దండగ.

ప్రశ్న: వానలో గన్ పెడితే షాక్ కొడుతుందా?

జవాబు: కొట్టదు. కారూ చార్జరూ గన్‌లో సంకేతాల కోసం ఉండే చిన్న పైలట్ పిన్ను ద్వారా మాట్లాడుకున్నాకే పెద్ద పిన్నులకు కరెంటు వస్తుంది. గన్ పగిలి ఉన్నా, లోపల నీళ్లు నిలిచినా వాడకండి.

ప్రశ్న: ఐదు నిమిషాల చార్జింగ్ వచ్చేసిందంటున్నారు. కంపెనీలు పోటీపడి రోజుకో కొత్తది తెస్తుంటే ఇప్పుడు కొనడం తొందరపాటా?

జవాబు: చైనా కార్ల కంపెనీ బీవైడీ 2025 మార్చిలో చూపించిన ఐదు నిమిషాల చార్జింగ్‌కు 1000 కిలోవాట్ల స్టేషన్, దాన్ని తట్టుకునే ప్రత్యేక బ్యాటరీ రెండూ కావాలి. రాత్రి ఇంట్లో చార్జ్ చేసుకునేవారికి దాని అవసరం అరుదు. పోటీ వల్ల మీకు దక్కుతున్న అసలు లాభం చవకైన ఎల్‌ఎఫ్‌పీ. 1995లో బ్యాటరీల కంపెనీగా మొదలైన బీవైడీ సెల్స్ తానే చేసుకుంటుంది. 2025లో పూర్తి ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాల్లో టెస్లాను దాటింది.

పోటీకి రెండో వైపూ ఉంది. అమెరికాలో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా తీశాక ఆ కార్ల యజమానులు విడిభాగాలకూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లకూ ఇబ్బంది పడ్డారు. అందుకే కొనేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, సామర్థ్యం ఎంత శాతానికి పడితే మారుస్తారు, యాప్ పనిచేయకపోయినా కారు తెరుచుకుని చార్జ్ అవుతుందా. చాలా కంపెనీలు 8 ఏళ్లు, 70 శాతం అంటాయి. ఇంట్లో చార్జింగ్‌కు చోటుండి, రోజువారీ ప్రయాణం రేంజ్‌లో సగం దాటకపోతే ఆగాల్సిన పనిలేదు. చోటు లేకపోతే మాత్రం, దగ్గర్లోని చార్జర్లు నిజంగా పనిచేస్తున్నాయో లేదో రెండు వారాలు గమనించాకే అడ్వాన్సు కట్టండి.