కాటన్ దొర మీద ప్రేమ సరే, ఎఫ్‌డీలు ఎందుకు తీసేయాలి?

ప్రశ్న: నా వయసు 63. కోనసీమలో హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. నెలకు 48 వేలు పెన్షన్ వస్తోంది. రెండెకరాల కొబ్బరితోట ఉంది. బ్యాంకు ఎఫ్‌డీల్లో 24 లక్షలు ఉన్నాయి. కాటన్ దొర గురించి చదువుతూ చదువుతూ, మన దేశానికి సాగునీటి కాలువలు కావాలని ఆయన తరఫున వాదించిన ఫ్లోరెన్స్ నైటింగేల్ మీద అభిమానం పెంచుకున్నాను. ఆమె సంతకం చేసిన ఉత్తరం 3.80 లక్షలకు ఇస్తానని హైదరాబాద్‌లో ఒక డీలర్ అంటున్నాడు. దాంతోపాటు మదర్ థెరిసా, ఆఫ్రికాలో వైద్యసేవ చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ లాంటి వాళ్ల ఉత్తరాలు కలిపి 12 లక్షలు పెడితే ఐదేళ్లలో రెట్టింపు గ్యారంటీ అంటున్నాడు. ఏడేళ్ల మనవరాలి చదువుకు పనికొస్తుందని నా ఆశ. ఎఫ్‌డీలు తీసేయనా, బంగారం మీద లోన్ తీసుకోనా?
- ఒక పాఠకుడు, అమలాపురం దగ్గర నుంచి

జవాబు: మాస్టారూ, లోన్ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. ఉత్తరానికి అద్దె రాదు, కౌలు రాదు, డివిడెండ్ రాదు. దానికోసం నెలనెలా వడ్డీ కట్టడమంటే కాపు లేని తోటకు అప్పు చేసి ఎరువు వేసినట్టే.

ఇక ఆ 'రెట్టింపు గ్యారంటీ'. ఐదేళ్లలో రెట్టింపు కావాలంటే ఏటా దాదాపు 15 శాతం పెరగాలి. ఆ హామీ ఇస్తున్నది బ్యాంకు కాదు, ప్రభుత్వం కాదు, అమ్ముకునే మనిషి. ఫ్రాన్స్‌లో ఆరిస్టోఫిల్ అనే సంస్థ ఇలాగే ప్రముఖుల ఉత్తరాలు, రాతప్రతులు కొని, వాటిలో వాటాలను జనానికి అమ్మింది. ఏటా 8 శాతం వస్తుందని ఆశ పెట్టింది. 2015లో మూతపడేసరికి సుమారు 18 వేల మంది డబ్బు ఇరుక్కుపోయింది. అక్కడ తేడా వచ్చింది కాగితాల్లో కాదు, వాటికి కట్టిన ధరల్లో. తర్వాత వేలం వేస్తే చాలావాటికి పెట్టిన డబ్బులో కొంత భాగమే తిరిగొచ్చింది.

మీరు లెక్కల మనిషో కాదో తెలీదు గానీ, ఈ లెక్క మాత్రం ఒక కాగితం మీద వేసి చూడండి. వేలంపాట లక్ష దగ్గర ఆగిందనుకుందాం. కొన్నవారు దానిమీద వేలం సంస్థకు కమిషన్ కూడా కట్టాలి, అది 25 శాతం అనుకుందాం. అంటే 1.25 లక్షలు. మర్నాడు అదే లక్ష పాటకు అమ్మితే, అమ్మకం కమిషన్ 15 శాతం అనుకున్నా, చేతికొచ్చేది 85 వేలు. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటేనే పాట 1.47 లక్షల దాకా పెరగాలి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్, ఇన్సూరెన్స్ ఖర్చులు అదనం. డీలర్ దగ్గర కొంటే కమిషన్ బయటికి కనపడదు, ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

మీ విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది. కాటన్ దొర పేరు స్నాన సంకల్పంలో చెప్పుకునే నేల మనది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. ఈ మమకారం ఆ డీలర్‌కీ తెలుసు. కాలువలు, కరువు, గోదావరి అన్న మాటలున్న కాగితానికి మన జిల్లాల వాళ్లు ఇంకో లక్ష ఎక్కువైనా ఇస్తారు. కానీ రేపు మీరు అమ్మబోతే కొనేవాళ్లు ఎక్కువగా ఉండేది లండన్‌లో, న్యూయార్క్‌లో. వాళ్లకు మన ఆనకట్ట మీద మనకున్నంత ప్రేమ ఎందుకుంటుంది?

పైగా నైటింగేల్ ఉత్తరాలు అరుదైనవి కావు. క్రిమియా యుద్ధం నుంచి తిరిగొచ్చాక జబ్బుపడి, చాలా ఏళ్లు మంచం మీద నుంచే పని నడిపింది. ఆ పనంతా ఉత్తరాలతోనే. వేల సంఖ్యలో మిగిలి ఉన్నాయి. ధర తేల్చేది సంతకం కంటే లోపలి విషయం. క్రిమియా ఆసుపత్రి గురించో, భారతదేశంలో సాగునీటి గురించో రాసిందైతే ఒక రేటు, ఎవరికో కృతజ్ఞతలు చెప్పిన నాలుగు లైన్ల చీటీ అయితే ఇంకో రేటు. డీలర్ మీకు స్కాన్ పంపాడా? పంపితే ముందు చదవండి. తర్వాత పెద్ద వేలం సంస్థల వెబ్‌సైట్లలో పాత ఫలితాలు వెతికి, అలాంటి ఉత్తరం ఎంతకు పోయిందో చూడండి. నైటింగేల్ రచనలు, ఉత్తరాలు 16 సంపుటాలుగా అచ్చయ్యాయి, వాటిలో రెండు మన దేశం గురించే. మీ ఉత్తరం ఏదైనా లైబ్రరీకి చెందినదని అందులో కనిపిస్తే, అది అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో అడగాల్సిందే. చివరి ఏళ్లలో ఆమె పెన్సిలుతో చాలా రాసింది. కాబట్టి పెన్సిలు చూసి నకిలీ అని తోసెయ్యకండి.

నకిలీల విషయంలో నేనూ దెబ్బతిన్నవాణ్ణే. చాలా ఏళ్ల కిందట వీరేశలింగం గారి సంతకం ఉన్న ఉత్తరమని 6 వేలు పోసి కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే సిరా గీత లేదు, అన్నీ చుక్కలే. అచ్చు కాపీ! అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. నా కథ ఎంతలే అండీ, 1860ల్లో ఫ్రాన్స్‌లో మిషెల్ షాల్ అనే గొప్ప గణిత శాస్త్రవేత్త ఒకే మోసగాడి దగ్గర వేల ఉత్తరాలు కొన్నాడు. వాటిలో క్లియోపాత్రా రాసిన ఉత్తరం కూడా ఉంది, ఫ్రెంచిలో!

చట్టం సంగతి చాలామందికి తెలీదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన పత్రాలు కూడా పురావస్తువులే. నైటింగేల్ 1910లో పోయింది కాబట్టి ఆమె ఉత్తరాలన్నీ ఆ వయసు దాటినవే. అలాంటివి వ్యాపారంగా అమ్మేవాళ్లకు లైసెన్స్ ఉండాలి. వాటిని సొంతంగా దేశం దాటించి అమ్ముకోవడం కుదరదు. అంటే లండన్ కొనుగోలుదారు మీకు అందడు. మీ సంత ఇక్కడితో సరి. మదర్ థెరిసా ఉత్తరాలు ఎక్కువగా 75 ఏళ్లు నిండనివి కాబట్టి ఈ చిక్కు తక్కువ. కానీ టైపు చేసి కింద సంతకం పెట్టిన ఉత్తరానికి, మొత్తం చేత్తో రాసినదానికి ధరలో చాలా తేడా ఉంటుంది. మీ జాబితాలో ఏది ఏ రకమో రాయించుకోండి.

మన వాతావరణం కూడా చూసుకోవాలి. శ్రావణం ముసురులో బీరువా బట్టలకే బూజు పడుతుంది, ఇక పాత కాగితం మాటేమిటి? లామినేషన్, సెల్లోటేపు జోలికి వెళ్లకండి. ఆమ్లం లేని కాగితపు కవరులో, ఎండ తగలని చోట పెట్టాలి. లాకర్లో పెడతానంటారేమో. దొంగతనం జరిగినా, అగ్నిప్రమాదం వచ్చినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు మాత్రమే. అద్దె 2,500 అయితే 2.5 లక్షలు. వరద, తుఫాను లాంటివాటికి అదీ లేదు. 1986 వరద చూసినవారికి నేను చెప్పేదేముంది?

1996 నవంబరు తుఫాను కూడా మీకు గుర్తుండే ఉంటుంది. తోటలు నేలమట్టమైనప్పుడు చేతిలో నగదు కావాలి. ఎఫ్‌డీ అయితే పూటలో వస్తుంది. ఉత్తరానికి బేరం కుదరడానికి ఏడాది పట్టొచ్చు.

అందుకని నేనైతే ఇలా చేస్తాను. 12 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తాను. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 24,600 వస్తుంది. మిగతా 12 లక్షలు ఎఫ్‌డీల్లోనే ఉంటాయి. మనవరాలి చదువుకు వాళ్ల అమ్మానాన్నలు సుకన్య ఖాతా తెరిస్తే, అందులో వేసేందుకు మీరు డబ్బు ఇవ్వొచ్చు. ఏటా 1.5 లక్షలు పరిమితి. ఉత్తరం కొనాలన్న కోరికకు మాత్రం స్కీము వడ్డీ పక్కన పెట్టండి. ఆరుసార్లు వచ్చేసరికి 1,47,600 అవుతుంది. ఆ డబ్బుతో ఒక్కటే ఒక్కటి, చేత్తో రాసినది, చెక్కు ఇచ్చి బిల్లు తీసుకుని కొనండి. దాన్ని ఆస్తి లెక్కలో రాయకండి, తీర్థయాత్ర ఖర్చు కింద రాయండి. ఇంట్లోవాళ్లకు అదేమిటో చెప్పి, బిల్లు, స్కాన్ కలిపి ఉంచండి. లేకపోతే ఎప్పుడో ఇల్లు సర్దేటప్పుడు పాత పేపర్లవాడి తక్కెట్లోకి వెళ్లిపోతుంది.

డీలర్‌ను లైసెన్స్ నంబరు, ఉత్తరం ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో తెలిపే కాగితాలు, నకిలీ అని తేలితే డబ్బు తిరిగిస్తానని రాతపూర్వక హామీ అడగండి. ఏం చెప్పాడో నాకు రాయండి. స్కాన్ కూడా పంపండి మాస్టారూ, ఆమె ఏం రాసిందో చదవాలని నాకూ ఉంది.