బాబు మొండివాడైపోతున్నాడు, ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 26 ఏళ్లు. మావారు కువైట్‌లో డ్రైవరు. బాబుకి రెండేళ్ల మూడు నెలలు. అత్తయ్యగారు, మావయ్యగారితో కలిసి ఉంటున్నాను. ఫోను చూపిస్తేగానీ వాడికి ముద్ద దిగదు. తీసేస్తే కింద పడి తల బాదుకుంటాడు, కొరుకుతాడు. నేను వద్దంటే అత్తయ్యగారు ‘పసివాణ్ని ఏడిపించకు’ అని ఇచ్చేస్తారు. మావయ్యగారు బండి మీద సెంటర్‌కి తీసుకెళ్లి చిప్స్ ప్యాకెట్లు కొనిపెడతారు. అన్నం సరిగ్గా తినడు, సీసాతో నాలుగుసార్లు గేదె పాలు తాగుతాడు. మాటలు పదో పన్నెండో వచ్చాయి. మావారు డ్యూటీ దిగి వీడియో కాల్ చేసేసరికి మనకి రాత్రి పదవుతుంది, అప్పుడు వాళ్ల నాన్నని చూసి మొహం తిప్పేసుకుంటాడు. పదకొండున్నరకి పడుకుని ఆరున్నరకల్లా లేస్తాడు. గేటు తీసి ఉంటే రోడ్డు దాటి కాలువ వైపు పరుగు. మొన్న విసిగిపోయి వీపు మీద గట్టిగా కొట్టాను, వేళ్ల అచ్చులు పడ్డాయి. ఆ రాత్రంతా ఏడ్చాను. మావారికి చెబితే ‘ఇంట్లోనే కదా ఉంటావు, ఒక్క పిల్లాణ్ని చూసుకోలేవా’ అన్నారు. వీడు పుట్టుకతోనే మొండివాడా? అత్తయ్యగారితో గొడవ పడకుండా ఫోను మాన్పించేదెలా? కొన్నాళ్లు నరసాపురం, మా పుట్టింటికి వెళ్లిపోదామా అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం దగ్గరే నేను ముందు ఆగుతాను. గేటు తీసి ఉంటే కాలువ వైపు పరుగెడుతున్నాడన్నారు. ఫోను, తిండి నెలా రెండు నెలల్లో సర్దుకున్నా ఫర్వాలేదు, ఇది మాత్రం ఈరోజే చూడాలి. మన డెల్టాలో ఇంటి ముందు కాలువ, పెరట్లో బోరు దగ్గర తొట్టి, నాలుగడుగులు వేస్తే రొయ్యల చెరువు, పుట్టిన దగ్గర్నుంచీ చూస్తూ పెరిగిన పిల్లాడికి నీళ్లంటే భయం ఉండదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పొడిగా చూసిన చోటే నీళ్లు వదిలాక లోతైపోతుందని వాడికి తెలియదు. ఈ వయసు పిల్లాడు నీళ్లలో పడితే చాలాసార్లు కేక కూడా వినపడదు, జానెడు నీళ్లున్న బకెట్టులో తలకిందులైనా ప్రమాదమే. గేటుకి వాడి చేతికందని ఎత్తులో గడియ పెట్టించండి, కింద సందుంటే తడిక కట్టించండి, బకెట్లు వాడగానే బోర్లించండి. ఇంకో మాట, ముగ్గురు పెద్దవాళ్లున్న ఇంట్లో ఎవరికి వారు ఇంకొకళ్లు చూస్తున్నారులే అనుకుంటారు. అందుకని ‘అత్తయ్యగారూ, స్నానానికి వెళ్తున్నాను, బాబు మీ దగ్గరున్నాడు’ అని నోటితో చెప్పి, ఆవిడ సరే అన్నాకే కదలండి. పండక్కి చుట్టాలతో ఇల్లు నిండినప్పుడు ఇది ఇంకా గట్టిగా పాటించాలి.

పుట్టుకతోనే మొండివాడా అని అడిగారు. కాదు. రెండేళ్ల పిల్లలు ఇంచుమించు అందరూ పేచీ పెడతారు. ఏం కావాలో తెలుస్తుంది, చెప్పడానికి మాటలు చాలవు, వచ్చిన కోపాన్ని ఆపుకునే శక్తి మెదడులో ఇంకా తయారవదు. నాలుగేళ్లు వచ్చేసరికి చాలామందిలో బాగా తగ్గుతుంది. అయితే మీవాడి పేచీ ఇంత ముదరడానికి ఒక కారణం మీరు రాసిన దాంట్లోనే ఉంది. వాడికి నిద్ర చాలడం లేదు. ఈ వయసులో పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు పడుకోవాలి. పదకొండున్నరకి పడుకుని ఆరున్నరకి లేస్తే ఏడు గంటలు, మధ్యాహ్నం గంటా గంటన్నర వేసుకున్నా ఎనిమిదిన్నర దాటదు. రోజూ ఇంత నిద్ర తక్కువైతే పెద్దవాళ్లమే ప్రతి చిన్నదానికీ కసురుకుంటాం, వాడికి కసురుకోవడం రాదు కాబట్టి నేల మీద పడి తల బాదుకుంటున్నాడు.

మరి ఎందుకు పడుకోవడం లేదు? నాన్న ఫోను కోసం ఆపుతున్నారు. తప్పు ఎవరిదీ కాదు, ఆయన వీలు అది. కానీ కళ్లు మూతలు పడుతున్న పిల్లాడి మొహం ముందు వెలుగుతున్న ఫోను పెట్టి ‘నాన్నకి ముద్దు పెట్టు, నాన్నతో మాట్లాడు’ అంటే మొహం తిప్పుకోక ఏం చేస్తాడు? అది నాన్న మీద అయిష్టం కాదు, నిద్ర. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకి ఉదయం ఎనిమిదైతే అక్కడ అయిదున్నర. డ్యూటీకి బయల్దేరే ముందు అయిదు నిమిషాలు చేయమనండి, సెలవు రోజైతే మన మధ్యాహ్నం వాడు పడుకుని లేచాక చేయమనండి. ఆ అయిదు నిమిషాల్లో ‘బాగున్నావా, తిన్నావా’ అని అడిగితే పసివాడు ఏం చెబుతాడు? మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని దోబూచులాడమనండి, తను నడిపే బండి చూపించి హారన్ కొట్టమనండి, వారంలో నాన్న కోసం వాడే ఫోను దగ్గరికి వస్తాడు. పిల్లల డాక్టర్లు ఇలాంటి వీడియో కాల్‌ని ఫోను చూడటం లెక్కలో వేయరు. రాత్రి పదింటి కాల్ మీ ఇద్దరికీ ఉండనివ్వండి, ఎనిమిదిన్నరకల్లా వాణ్ని పడుకోబెట్టేసి. ఒక్కసారిగా మూడు గంటలు ముందుకి జరగదు. మూడు నాలుగు రోజులకోసారి ఓ పావుగంట, అరగంట జరుపుకుంటూ రండి. సాయంత్రం ఆరు తర్వాత టీవీ కూడా కట్టేయండి.

ఇప్పుడు ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఏడాది నిండిన పిల్లలకి కూడా స్క్రీన్ వద్దు, రెండేళ్లు దాటాక రోజుకి గంటకి మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం సలహా కూడా ఇంచుమించు ఇదే. కానీ ఈ అంకెలు అత్తయ్యగారికి చదివి వినిపించకండి. ఆవిడ వైపు నుంచి ఆలోచించండి. కొడుకు దేశం కాని దేశంలో ఉన్నాడు, మనవడి కడుపు నిండిందా లేదా అన్నదే ఆవిడ చేతిలో ఉన్న పని. ఫోను పెడితే గిన్నె ఖాళీ అవుతుంది, ఆవిడకి అది కళ్లెదుట కనిపిస్తుంది. ఆ గిన్నెని మీరు లాక్కుంటున్నట్టు ఆవిడకి అనిపిస్తే మీ ఇద్దరి మధ్యా పేచీ వాడి పేచీ కంటే పెద్దదవుతుంది.

వాడికి మాటలు రావాలంటే మొహంలో మొహం పెట్టి మాట్లాడే మనిషి కావాలి. ఫోనులో బొమ్మ ఎన్ని పాటలు పాడినా వాడు ‘అత్త’ అంటే ‘ఊ’ కొట్టదు. మీ ఇంట్లో ఆ పని అందరికంటే బాగా చేయగలిగింది అత్తయ్యగారే. పెరట్లో కోడిపిల్లల్ని, దూడని, కొబ్బరి దింపు తీసేవాళ్లని చూపిస్తూ కబుర్లు చెప్పడం, తారంగం ఆడించడం, ఉప్పుమూట ఎత్తుకోమని తాతగారికి పురమాయించడం ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు. ‘మీరు కబుర్లు చెబితే వాడికి తొందరగా మాటలొస్తాయని డాక్టరుగారు అన్నారు’ అని చెప్పండి, కానీ నిజంగా డాక్టరు దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్లి, డాక్టరు నోటితోనే చెప్పించాక.

ఎందుకంటే డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్లాలి. వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి అని ఎవరన్నా అన్నా మీరు ఆగకండి. రెండేళ్లు నిండేసరికి ‘అమ్మ దా’, ‘పాలు కావాలి’ లాగా రెండు మాటలు కలిపి చెప్పాలి. మీవాడికి పది పన్నెండు విడి మాటలే ఉన్నాయి కాబట్టి ముందు చెవుల పరీక్ష చేయించండి, వినికిడి కొంచెం తగ్గినా పైకి తెలియదు, మాటలు మాత్రం వెనకబడతాయి. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసింది వేలితో చూపిస్తున్నాడా, వచ్చిన మాటలు ఏమన్నా పోయాయా, ఈ మూడూ గమనించి డాక్టరుకి చెప్పండి. తల బాదుకోవడం గురించి కూడా చెప్పండి, పేచీలో ఇలా చేసే పిల్లలు చాలామందే ఉంటారు, కానీ కోపం లేనప్పుడు కూడా బాదుకుంటుంటే వేరే సంగతి. మీ ఊరి ఆశా కార్యకర్తని గానీ అంగన్‌వాడీ టీచర్ని గానీ అడిగితే పిల్లల ఎదుగుదల లోపాలు కనిపెట్టడానికి ప్రభుత్వం చేసే ఉచిత పరీక్షలకి పంపే దారి చెబుతారు.

తిండి గురించి ఎక్కువ భయపడకండి. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకి మూడు రెట్లవుతారు, రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలు పెరిగితే గొప్ప, దాన్ని బట్టి ఆకలీ తగ్గుతుంది. ఈ వయసుకి పన్నెండు కిలోలకి అటూ ఇటూగా ఉండే పిల్లలు ఎక్కువ. అంగన్‌వాడీలో బరువు తూయించి, తల్లీ బిడ్డల కార్డులో గీత పైకి పోతుందో లేదో చూపించుకోండి, అది పోతుంటే ఎన్ని ముద్దలన్నది వదిలేయండి. నాలుగు సీసాల గేదె పాలు మాత్రం తగ్గించాలి. రోజుకి అర లీటరు దాటితే కడుపు పాలతోనే నిండిపోతుంది, అన్నం మీద ఆకలి ఉండదు, రక్తం పట్టదు. పాలు గ్లాసులో పోసివ్వండి, సీసా పళ్లని కూడా పాడుచేస్తుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వాడుతున్నారా? వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. చిప్స్ సంగతి మావయ్యగారితో మీరు నేరుగా అనలేకపోతే మీవారితో చెప్పించండి. సెంటర్‌కి వెళ్లడం మానక్కర్లేదు, తాయిలం మారితే చాలు, మన దగ్గర చక్కెరకేళికి కరువా? వేరుశనగ పప్పులు మాత్రం గింజలుగా పెట్టొద్దని చెప్పండి, గొంతుకి అడ్డం పడతాయి.

ఫోను మాన్పించడం ఉదయం టిఫిన్‌తో మొదలుపెట్టండి, మూడు పూటలా ఒకేసారి వద్దు. మీరందరూ తినేటప్పుడే వాణ్నీ కూర్చోబెట్టి చిన్న పళ్లెంలో ఇడ్లీయో, దిబ్బరొట్టె ముక్కో, ఉడికిన గుడ్డో పెట్టి, వాడి చేత్తో వాణ్ని తిననివ్వండి, సగం నేలపాలవుతుంది, అవనివ్వండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం. ఎంత తినాలో వాడి ఇష్టం. అరగంటలో పళ్లెం తీసేయండి, బతిమాలొద్దు, మళ్లీ రెండు మూడు గంటలకి ఇంకేమన్నా పెట్టండి. మొదటి నాలుగైదు రోజులు ఏడుపు పెరుగుతుంది, తప్పకుండా పెరుగుతుంది, అప్పుడు ఎవరో ఒకరు జాలిపడి ఫోను ఇచ్చేస్తే ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. అందుకే మొదలుపెట్టే ముందు రోజే ముగ్గురూ ఒక మాట మీదికి రండి. ఆ పూట ఫోను వాడి కంటపడకుండా బీరువాలో పెట్టేయడం మంచిది, మీ ఫోను కూడా.

పేచీ మొదలయ్యాక మాత్రం పాఠాలు చెప్పకండి, ఆ సమయంలో వాడికి ఏదీ ఎక్కదు. తలకి తగిలే చోటైతే పక్కకి జరిపి, దుప్పటి వేసి, దగ్గరే కూర్చోండి. కొరకబోతే పట్టుకుని ‘కొరకకూడదు’ అని ఒక్కసారి అనండి, చాలు. తగ్గాక దగ్గరికి తీసుకోండి, కానీ అడిగిన వస్తువు ఇవ్వకండి. ఇవ్వదలుచుకుంటే ఏడవకముందే ఇచ్చేయండి. పొద్దస్తమానం వద్దు వద్దు అంటుంటే ఆ మాటకి విలువ పోతుంది, కాలువ, పొయ్యి, రోడ్డు, కొరకడం, వీటికి ఉంచుకోండి.

ఇక ఆ దెబ్బ. వేళ్ల అచ్చులు పడేలా కొట్టడం చిన్న విషయం అని నేను అనను, మీరూ అనుకోవడం లేదు, అందుకే రాశారు. కొడితే వాడు నేర్చుకునేది ఒక్కటే, కోపం వస్తే కొట్టొచ్చని, రేపు వాడు మిమ్మల్నే కొరుకుతాడు. ‘అమ్మ కొట్టింది, తప్పు, ఇంక కొట్టదు’ అని వాడితో చెప్పండి, అర్థమవుతుంది. చెయ్యి లేస్తోందని తెలిసిన క్షణంలో వాణ్ని అత్తయ్యగారికి అప్పగించి పెరట్లోకి వెళ్లిపోండి, కాసేపు ఏడిచినా ఏమీ కాదు.

ఆ తర్వాత మీ గురించి. రెండేళ్లుగా సరైన నిద్ర లేదు, భర్త దగ్గర లేడు, చేసిన పని ఎవరికీ కనిపించదు, చేయనిది మాత్రం అందరికీ కనిపిస్తుంది. మీరు చేతకానివారు కాదు, అలిసిపోయారు. పుట్టింటికి వెళ్లండి, కానీ గొడవపడి కాదు. డాక్టరుకి చూపించాక, ఫలానా రోజున వెళ్తాను, ఫలానా రోజున వస్తాను అని చెప్పి ఓ రెండు వారాలు వెళ్లి మీ అమ్మగారి దగ్గర పగలు కూడా పడుకోండి. వాడి నిద్ర వేళలు మాత్రం అక్కడా ఇవే. వెళ్లొచ్చాక కూడా కారణం లేకుండా ఏడుపు వస్తుంటే, దేని మీదా మనసు పోకపోతే, చచ్చిపోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ క్షణమే 14416కి ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్, డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

దీని కింది నాలుగు మాటలు మీవారికి పంపించండి. బాబూ, ఎండలో బండి తోలి ఇంటికి డబ్బు పంపుతున్నావు, నీ కష్టం చిన్నది కాదు. కానీ ‘ఒక్క పిల్లాణ్ని చూసుకోలేవా’ అన్న మాట వెనక్కి తీసుకోవాలి, ఆ అమ్మాయికి నేరుగా చెప్పాలి. రేపట్నుంచి వాడికి కాల్ పొద్దున్నే చెయ్యి. రాత్రి కాల్‌లో ముందు ఆవిడని ‘నువ్వు తిన్నావా’ అని అడుగు. తర్వాత మీ అమ్మగారిని పిలిచి, ‘అమ్మా, వాడికి ఫోను ఇవ్వొద్దని నేనే చెబుతున్నాను, దాన్ని అనొద్దు’ అని నువ్వే చెప్పు.