కప్పల వెంట తిరిగే చదువు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. వాన పడితే చాలు, రాత్రిపూట చెరువు గట్టుకెళ్లి కప్పల అరుపులు ఫోన్‌లో రికార్డు చేస్తుంది. నీట్ వద్దట, కొత్త జాతి కప్పను కనిపెడుతుందట. ఇదీ ఒక చదువేనా సార్?
– ఒక తల్లి, కడప

జవాబు: చదువేనమ్మా, చాలా ఓపిక కావాల్సిన చదువు. ఆ రికార్డింగులను తేలిగ్గా తీసుకోకండి. మగకప్ప పిలుపు జాతిజాతికీ వేరు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు కప్పలు వేరని చాలాసార్లు ముందు చెప్పేది చెవే. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సోనాలీ గార్గ్, ఆమె గురువు ఎస్.డి. బిజు బృందం 2017లో పడమటి కనుమల నుంచి ఏడు కొత్త రాత్రి కప్పలను ప్రకటించింది. వాటిలో నాలుగు బొటనవేలి గోటి మీద కూర్చునేంతవి. అరుపేమో పురుగుల చప్పుడులా ఉంటుంది. ఆ ఏడింటి వెనక ఐదేళ్ల గాలింపు ఉంది.

కప్ప కనబడడం ఒక రాత్రి పని. అది కొత్తదని నిరూపించడానికి ఏళ్లు పడుతుంది. అటవీశాఖ అనుమతితో తెచ్చిన నమూనాను బల్లమీద పెట్టి కన్ను, కర్ణభేరి, తొడ, ఒక్కో వేలు మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలవాలి. కాలివేళ్ల మధ్య పొర ఎంతదాకా ఉందో చూడాలి. మ్యూజియం సీసాల్లోని పాత నమూనాలతో, పాత వర్ణనలతో పోల్చాలి, డీఎన్‌ఏ పరీక్షించాలి. ఆ తర్వాతే పేరు పెట్టి వర్ణన ప్రచురిస్తారు.

దారి మీకు దగ్గర్లోనే ఉంది. తిరుపతి ఐసర్‌లో (సైన్సు చదువులు, పరిశోధనల కేంద్ర సంస్థ) డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 60 ప్రశ్నల్లో 15 లెక్కలవి, బైపీసీ పిల్లలకు కష్టమయ్యేది అక్కడే, ఇప్పుడే మొదలుపెట్టించండి. నీట్‌కు చదివిన మిగతా మూడు సబ్జెక్టులూ దానికి పనికొస్తాయి. లేదంటే డిగ్రీ, ఎమ్మెస్సీ జువాలజీ, ఆపైన పీహెచ్‌డీ. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. హైదరాబాద్‌లోనే జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రమూ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి ల్యాకోన్సూ (అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల) ఉన్నాయి. మీ దగ్గర దాచను, పోస్టులు తక్కువ. స్థిరపడేసరికి ముప్ఫై దాటొచ్చు. ఇల్లు అన్నాళ్లు ఆగగలదా అన్నది అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్కలతో సహా మాట్లాడండి.

ప్రతి రికార్డింగుకూ తేదీ, టైము, చోటు, వాన వెలిసి ఎంతసేపయిందీ నోట్సులో రాయమనండి. గట్టుకు మాత్రం ఒంటరిగా పంపకండి. టార్చి, మోకాళ్ల దాకా బూట్లు తప్పనిసరి. పాములు అక్కడికొచ్చేదీ కప్పల కోసమే.