మెడ మీది నలుపు మట్టి కాదమ్మా

ప్రశ్న: మాది తిరుపతి. మా బాబుకు పదేళ్లు, ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. మాటిమాటికీ జలుబు, దగ్గు. మెడ వెనక నల్లబడింది, శనగపిండి పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదు. పరగడుపున షుగర్ 92 వచ్చింది, నార్మల్ అన్నారు. మా అత్తమ్మేమో పిల్లోడు బొద్దుగా ఉంటే రోగాలు దగ్గరికి రావంటారు. ఒంట్లో పుష్టి ఉంటే రోగనిరోధక శక్తి కూడా ఉండాలి కదా?

జవాబు: అమ్మా, ముందు ఆ రుద్దడం ఆపండి, చర్మం ఒరుసుకుపోవడం తప్ప ఫలితం ఉండదు. పదేళ్ల బాబుకు ఈ ఎత్తులో ఈ బరువంటే ఊబకాయమే. ఇలాంటి పిల్లల్లో మెడ మీద నలుపు చాలావరకు ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందని చెప్పే గుర్తు. షుగర్ 92 దగ్గర ఆగిందని మీరు ఊపిరి పీల్చుకున్నారు గానీ, దాన్ని అక్కడ ఆపడానికి లోపల ఇన్సులిన్ తయారుచేసే క్లోమం ఎంత చాకిరీ చేస్తోందో ఆ రిపోర్టులో కనపడదు.

ఇక పుష్టి సంగతి. కొవ్వంటే ఒంట్లో మూలన పడేసిన మూట కాదు. కొవ్వు కణాలు బాగా ఉబ్బిపోయినప్పుడు కొన్ని చచ్చిపోతాయి, వాటిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వచ్చి చుట్టూ కిరీటంలా మూగుతాయి, మైక్రోస్కోపులో చూస్తే స్పష్టంగా కనపడుతుంది. అవి టీఎన్‌ఎఫ్ లాంటి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. లావైన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ తయారవుతోందని 1993లోనే తేలింది. ఈ రసాయనాల వల్ల కాలేయం, కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. పుండు లేదు, జ్వరం లేదు, కానీ లోపల సన్నటి సెగలా వాపు రగులుతూనే ఉంటుంది. ఇలా ఉత్తపుణ్యానికి అలసిపోయిన రక్షణ వ్యవస్థ నిజంగా వైరస్ వచ్చినప్పుడు సరిగ్గా పనిచేయలేదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఊబకాయం ఉన్నవాళ్లకే జబ్బు ఎక్కువగా ముదిరింది. ఈ మాట మీ అత్తమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, ఆమె ప్రేమలో తప్పేమీ లేదు.

అలాగని ప్రతి జలుబునీ బరువు మీదికి నెట్టకండి, బడికెళ్లే పిల్లలకు ఏడాదిలో నాలుగైదుసార్లు రావడం మామూలే. రాత్రి గురక పెడుతున్నాడా, నోరు తెరిచి పడుకుంటున్నాడా చూసి డాక్టరుకు చెప్పండి. బీపీ, కాలేయం, కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు షుగర్ పరీక్షలు కూడా చేయించాలి.

పస్తులు మాత్రం పెట్టొద్దు. ఎదిగే పిల్లాడు, బరువు ఇంతకు మించి పెరగకుండా చూస్తే ఎత్తు పెరిగేకొద్దీ చాలావరకు సర్దుకుంటుంది. సీసాల్లో జ్యూసులు, కూల్‌డ్రింకులు ఇంట్లోకే రానివ్వకండి, మామిడిపండు తినాలనిపిస్తే ఒకటి కోసివ్వండి. సాయంత్రం బజ్జీల బదులు ఉడకబెట్టిన చెనిక్కాయలు గుప్పెడు. రాగిసంకటి మంచిదే, మంచిదని మూడు ముద్దలు పెట్టేస్తే మళ్లీ మొదటికే వస్తుంది, ఒక ముద్ద పెట్టి ఆకుకూర పప్పు ఎక్కువ వేయండి. వాడికొక్కడికే వేరే వంట చేయొద్దు, అందరూ అదే తినాలి. రోజూ గంటసేపు ఆడాలి, ఎందుకంటే కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలో చక్కెరను లాక్కుంటుంది. ఆదివారం పొద్దున అలిపిరి మెట్లు కొన్ని వాడితోపాటు మీరూ ఎక్కండి, 3,550 మెట్లూ ఒకేరోజు ఎక్కించాలని పట్టుబట్టకండి. చుట్టాలెవరైనా వాడి ముందు 'లావు' అంటే అక్కడే ఆపేయండి, ఆ మాట పిల్లాణ్ని చాటుగా తినేలా చేస్తుంది.

ఈరోజే టేపుతో నడుము చుట్టుకొలత తీయండి. ఎత్తులో సగం, అంటే 70 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఎంతుందో తేదీ వేసి రాసుకుని, మూడు నెలలకు మళ్లీ కొలిచి మాకు రాయండి.